అక్క లేచి వెళ్లిన సభ

చర్చి హాలు గోడకు నా భర్త తెవితా రెండు గీతలు గీసిన కాగితం అంటించాడు. ఇలా సభలు పెట్టి జబ్బుల గురించి చెప్పడమే ఆరోగ్యశాఖలో అతని ఉద్యోగం. "రొమ్ము" అన్న మాట అతని నోట వచ్చిందో లేదో, వాళ్లక్క సియాలే చాప మీంచి లేచి బయటికి వెళ్లిపోయింది. మా టోంగాలో అక్కాతమ్ముళ్ల మధ్య ఒంటి మాటలు రాకూడదు.

"చూశారటే? పెంపకమంటే అదీ," అని పాస్టరు భార్య కూతుళ్లను మోచేత్తో పొడిచింది.

నేనూ వెనకాలే వెళ్లాను. సియాలే సీమపనస చెట్టు కింద నిలబడి ఉంది.

"ఏమంటాడే మీ ఆయన?"

"రొమ్ము క్యాన్సరుతో పోయే ఆడవాళ్లు న్యూజిలాండ్‌లో ఏటికేడు తగ్గుతున్నారట వదినా. వాళ్ల గీత దిగుతోంది, మనది దిగట్లేదట. గడ్డ తగిలితే వెంటనే రమ్మంటున్నాడు."

"ఓహో, అలా చెబుతాడా."

ఆమె నా చెయ్యి తీసుకుని తన చంక పక్కన ఆనించుకుంది. జాకెట్టు కింద రాయిలా తగిలింది. నాకేమీ అనిపించలేదు. చెయ్యి తియ్యాలని కూడా తోచలేదు.

"ఎప్పట్నుంచి వదినా?"

"వాడి మొదటి సభప్పుడే ఉంది. ఈసారైనా వాడి బదులు నర్సమ్మెవరైనా చెబుతుందేమోనని ప్రతిసారీ వస్తాను. మళ్లీ వాడే చెప్పడానికి లేస్తాడు."

లోపల ఎవరో ముసలావిడ అడిగింది: "మరి మన గీతెందుకు దిగట్లేదు నాయనా?"

"మనవాళ్లు అంత ఆలస్యంగా ఎందుకొస్తారో, అదే అంతుబట్టట్లేదు అవ్వా," అన్నాడు తెవితా.

సియాలే నా చెయ్యి వదిలేసి, తమ్ముడి మాట వినపడకుండా రెండు చెవులూ మూసుకుంది.