ఎరుపో, తెలుపో

"నాలుగు చక్రాలూ లాగే బండి ఇస్తారా, ఇవ్వరా? ఆ ఒక్క మాట చెప్పమ్మా, చాలు," అన్నాడు తేనెటీగలాయన, బల్ల మీద పరిచిన రంగుల కాగితాలు పక్కకి నెట్టేస్తూ.

కొండమీద తేనెపెట్టెలు పెట్టుకుని బతికే మనిషి. ఎరిగినవాళ్ళంతా ఆయన్ని అలాగే పిలుస్తారు. వారం నుంచీ ఈ షోరూం గుమ్మం తొక్కుతూనే ఉన్నాడు, బండ్లమ్మే పిల్లకి ఆయన గోడు కంఠతా వచ్చేసింది.

"ఇస్తాం సార్, కానీ ఏడాది ఆగాలి. జనం ఎగబడి బుక్ చేసేసుకున్నారు. రెండు చక్రాలు లాగేదైతే రేపే తీసుకెళ్ళొచ్చు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి."

"చూసుకోడానికి కాదు తల్లీ, కొండెక్కడానికి. మా దారిలో వాగుంది. వాగు దాటితే అన్నీ రాళ్ళే."

"పోనీ పై మోడల్ తీసుకోండి, కాస్త ముందొస్తుంది. పైకప్పు తెరుచుకుంటుంది కూడా."

"తెరిచి ఏం చేసుకోను? మా ఈగలకి ఆకాశం చూపించనా?"

ఆ పిల్ల నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది.

ఆయనకేమీ బండి మోజు లేదు. భార్య గుండెజబ్బుతో ఆస్పత్రిలో పడి ఉంది. కళ్ళు తెరిస్తే చాలు, ఇంటికి తీసుకుపో అంటుంది. డాక్టరు కాదనలేదు గానీ మెలిక పెట్టాడు. ఏ క్షణాన ఆయాసం వచ్చినా పడుకోబెట్టి కిందికి దింపే బండి వాకిట్లో ఉండాలి, అప్పుడే పంపిస్తానన్నాడు. వాకిట్లో ఉండే పాత జీపేమో ఈ వానలకి వాగులో కొట్టుకుపోయింది. అద్దె జీపులవాళ్ళు ఆ వాగు పేరెత్తితేనే దణ్ణం పెట్టేస్తున్నారు.

జేబులో ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, దొరికిందా? అమ్మ అడగమంటోంది. ఎర్రది తెమ్మంటోంది. పైన పెట్టెల దగ్గర్నుంచి చూసినా వాకిట్లో ఉందో లేదో తెలియాలట."

"దొరకడమే గగనమైపోతుంటే మీ అమ్మకి రంగులు కూడానా," అన్నాడు. ఇన్నాళ్ళకి ఆవిడ ఫలానాది కావాలని అడిగింది. పైకి విసుక్కున్నాడే గానీ, ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. ఫోన్ జేబులో పడేసి తిన్నగా మేనేజరు గదిలోకి నడిచాడు.

మేనేజరు కూర్చోమన్నాడు, మంచినీళ్ళిప్పించాడు, పాత పాటే పాడాడు. ఫ్యాక్టరీ నుంచి రావట్లేదు, మా చేతుల్లో ఏం లేదు, వరస తప్పిస్తే నా ఉద్యోగం ఊడుతుంది.

గది అద్దంలోంచి హాలు మధ్యన పెట్టిన బండి కనిపిస్తోంది. అచ్చం ఈయనకి కావలసిందే. ఉత్తుత్తి గడ్డి పరిచి, ప్లాస్టిక్ రాళ్ళు పేర్చి, ముందు చక్రాలు వాటిమీదకి ఎక్కించి దీపాలు పెట్టారు.

"ఆ ఉత్తుత్తి రాళ్ళు ఎక్కించడానికి బండి ఉంది మీకు," అన్నాడు తేనెటీగలాయన. గొంతు పెంచలేదు. "నా పెళ్ళాన్ని ఇంటికి చేర్చడానికి మాత్రం లేదు."

"అది అమ్మకానికి కాదండీ."

"తెలుసు బాబూ. పైకప్పు వద్దు, పాటలు వద్దు, రంగు ఏదైనా సరే. చక్రాలు లాగాలి, వెనక సీటు మడిస్తే మనిషి పడుకునే జాగా ఉండాలి. మా ఆవిడ ఆస్పత్రిలో చేరి పాపం చాలా రోజులైంది. నాకు భయంగా ఉందయ్యా."

మేనేజరు తల దించుకున్నాడు. ఫోన్ మళ్ళీ మోగింది, కూతురే. కట్ చేశాడు. వెంటనే మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసి, మోగకుండా దాని నోరు నొక్కేశాడు.

"మా ఆవిడకి తొందరెక్కువ," అన్నాడు సంజాయిషీగా. "ఉందనే కబురే చెబుతాను. లేదని మళ్ళీ చెప్పలేను."

మేనేజరు చాలాసేపు కంప్యూటర్లోకి చూశాడు. లేచి వెళ్ళి ఎవరితోనో గుసగుసలాడాడు, ఇంకెవరికో ఫోన్ చేసి బతిమాలాడు. తిరిగొచ్చేసరికి మనిషి మొహం తేలికపడింది.

"ఒకాయన ఇవాళే వద్దనుకున్నాడు. వరసలో తర్వాతాయన్ని అడిగాను, ఆగుతానన్నాడు. రెండు బండ్లు లారీ మీద దారిలో ఉన్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. మీకొచ్చేది ఏదో దింపితే గానీ తెలీదు. దించగానే యార్డు మనిషి ఫోన్ చేస్తాడు. కొత్త నంబరని ఎత్తకుండా ఉండేరు."

ఆయన మేనేజరు రెండు చేతులూ పట్టుకున్నాడు.

బయటికొచ్చి షోరూం మెట్ల మీద కూలబడి, ఫోన్‌కి మళ్ళీ నోరిచ్చి కూతురికి చేశాడు. ఎవరితోనో మాట్లాడుతోంది. మళ్ళీ చేశాడు, అదే వరస. సరేలే, ఏ రంగో తెలిశాకే చెబుదాం అనుకున్నాడు. ఎరుపైతే ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో తలుచుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"సార్, బండి వచ్చిందండీ," అంది ఓ మగ గొంతు. "మీరొస్తే బయల్దేరడమే."

"అప్పుడే వచ్చేసిందా? వస్తున్నా నాయనా, ఇదిగో వచ్చేస్తున్నా." మెట్ల పక్క కడ్డీ పట్టుకుని లేచాడు. "మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళొచ్చుగా?"

"అలాగేనండీ తీసుకెళ్ళేది."

"చల్లగా ఉండు బాబూ. ఇంతకీ ఎరుపా, తెలుపా?"



"తెలుపేనండీ," అంది ఆ గొంతు, మెల్లగా. "మార్చురీ బండ్లన్నీ తెలుపే."