తిరగబడ్డ చెయ్యి

మొదటి కాగితం పలక మీంచి లేపి చూడగానే బొమ్మ చెక్కిన అమ్మాయి దాన్ని వెలుగులోకి పట్టి మళ్ళీ చూసుకుంది.

“ఏమ్మా, సిరా ఎక్కువైందా?” అన్నాడు బాబాయి మిషను తుడుస్తూ. ప్రెస్సు ఆయనదే.

“సిరా కాదు బాబాయ్. చెయ్యి.”

బాబాయి కళ్ళజోడు సర్దుకుని వచ్చాడు. పోస్టరు నిండా ఒకటే బొమ్మ. గిటారు మీటుతున్న మనిషి. గిటారు తీగలు పోనుపోనూ దారులైపోయి కొండలెక్కి వెళ్ళిపోతున్నాయి. పైన బాబాయి విడిగా కూర్చిన పెద్దక్షరాలు, ‘పుర్రచెయ్యి’ అని. ఎడమచేత్తో వాయిస్తాడు గనక జనం అతన్ని పిలిచే పేరది. కింద బొమ్మలో మాత్రం అతగాడు నిక్షేపంలా కుడిచేత్తో వాయిస్తున్నాడు.

“తిరగేసి చెక్కడం మర్చిపోయావా?”

ఇంక దాచడానికేముంది? మెత్తటి పలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దితే ఎడమ కుడవుతుంది. అందుకని ముందే తిరగేసి చెక్కాలి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్ళకి కూడా తెలిసిన సంగతే. ఈవిడగారు తీగలు దారులుగా మారేచోట గీతలు సన్నం చేసుకుంటూ కూర్చుని, అసలుదాన్ని గాలికొదిలేసింది.

“మళ్ళీ చెక్కితే?”

“వారం పడుతుంది. ఆవిడ ఇంకాసేపట్లో వచ్చేస్తుంది.”

ఆవిడంటే పుర్రచెయ్యికి అక్క. తమ్ముడి కార్యక్రమాలన్నీ చూసుకునే మేనేజరని అమ్మాయి అనుకుంది. మనిషి మెత్తగానే మాట్లాడుతుంది గానీ బొమ్మ దగ్గరకొస్తే చుక్కలు చూపించింది. మొదట గిటారు చుట్టూ మంటలు గీసి చూపిస్తే, “వాడికి కోపం ఎక్కువే గానీ మరీ తగలబెట్టకమ్మా” అంది. గిటారును పక్షిగా మార్చి గీస్తే, “ఎగిరిపోతున్నట్టుంది, వద్దు” అంది. దారుల బొమ్మ చూసి మాత్రం ఒక దారి వెంట కొండదాకా వేలు పోనిచ్చింది. ఆ తర్వాత, “ఇదే వెయ్యి” అంది.

“ఆయన్ని ఓసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని గీస్తే ఇంకా బాగా వస్తుందండీ.”

“వాడు ఒకచోట కాలు నిలిపే మనిషా? ఏ ఊళ్ళో ఉన్నాడో నాకే తెలీదు” అని నవ్వి, పాత వీడియో ఒకటి ఇచ్చింది. తేదీ, హాలు పేరు అడిగితే కింద ఖాళీ వదిలెయ్యమంది. పోస్టర్లకి అది మామూలే. తర్వాత చీటీలు అతికించుకుంటారు.

ఇన్నాళ్ళూ మందుల డబ్బాల మీద ఆకులూ పువ్వులూ గీస్తూ బతికిన అమ్మాయికి పోస్టరు మీద తన పేరు పడటం ఇదే మొదలు. పేరుతో సరిపెట్టకుండా ప్రెస్సు అడ్రసు కూడా వెయ్యాలని పట్టుబట్టింది ఆ అక్కే. ఇప్పుడా పేరు పక్కనే ఇంత తప్పు. ఊరూరా నవ్వులపాలైతే సంగీతం వాళ్ళెవరూ మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు. తిరిగి మందుల డబ్బాలే గతి.

“చెప్పకు. ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు బాబాయి గొంతు తగ్గించి.

“ఆవిడ చూస్తుంది బాబాయ్.”

అన్నంతసేపు పట్టలేదు, గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. బాబాయి చేతికందిన పాత పేపరు తీసి పోస్టరు మీద పడేశాడు. అక్క వస్తూనే ఆ పేపరు పక్కకి లాగింది. చూసింది. చూస్తూనే ఉండిపోయింది. అమ్మాయి ముందుకొచ్చింది.

“తప్పు నాదేనండీ. వారం టైమివ్వండి, నిద్ర మానుకునైనా చెక్కి ఇస్తాను.”

“ఇది చూస్తే మావాడు ఏం చేస్తాడో తెలుసా నీకు?” అంది అక్క తల ఎత్తకుండానే. “ఇదివరకు ఒకాయన అక్షరాలకి చోటు చాల్లేదని వాడి ఫొటో తిరగేసి అచ్చేశాడు. మావాడు తింటున్న కంచం ముందునుంచి లేచిపోయి, ఆ పోస్టరు గోడ మీంచి పీకి, అడ్రసు కనుక్కుని మరీ ఆయన నెత్తిన కూర్చున్నాడు. కొత్తది అచ్చేసేదాకా కదల్లేదు.”

“అంత పట్టింపా?” అన్నాడు బాబాయి.

“చిన్నప్పుడు మా నాన్న ఆ చెయ్యి కట్టేసి కుడిచేత్తో రాయించేవాడు. ఆ ఒక్క విషయంలో వాడు ఎవర్నీ క్షమించడు.”

అమ్మాయి “చింపేస్తానండీ” అంటూ పోస్టరు అందుకోబోయింది. అక్క చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు వదల్లేదు. కోపం పట్టలేక అనుకుంది అమ్మాయి.

“ముట్టుకోకు. ఇలాగే అచ్చెయ్యండి. అనుకున్నదానికి రెట్టింపు వెయ్యండి. ప్రతి ఊళ్ళోనూ అంటించాలి. బస్టాండుల్లో, గిటార్లమ్మే కొట్ల ముందు, ఎక్కడ గోడుంటే అక్కడ.”

బాబాయి నోరు తెరిచాడు. “అమ్మా, కింద మా అడ్రసుంది. మీవాడు నేరుగా మా మీదకొస్తాడు.”

“వస్తే తిట్లు తినండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి నాకు ఫోను చెయ్యండి. నేనొచ్చేదాకా మాత్రం వదలకండి.”

అమ్మాయికి ఏడుపు ఆగలేదు. “కచేరీ పెట్టుకుని ఆయనతో ఈ పోట్లాట ఎందుకండీ?”

“కచేరీ ఏమీ లేదమ్మా, వాడు ఇల్లొదిలి రెండేళ్ళయింది.”