పొలిమేర దాటని నోటు

"ఈ నోటు నీకెక్కడిది, రెమేయ్?"

కితేరియా మాట విని కొట్టు నడిపే రెమేయ్ తలెత్తింది. చిల్లర కింద తను ఇచ్చిన అర పెసెతా నోటే అది. యుద్ధం మొదలై నాణేలన్నీ మాయమయ్యాక ఊరి పంచాయతీ అచ్చు వేయించిన ముతక కాగితం. పొలిమేర దాటితే ఎవరూ ముట్టుకోరు.

"దొంగనోటు అని మాత్రం అనకు వదినా. దీనికి కూడా దొంగనోటు అచ్చేసే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా?"

కితేరియా నవ్వలేదు. నోటు అంచుల వెంట సూది బెజ్జాలు. ఒక మూల నీలం దారం ముక్క ఇంకా వేలాడుతోంది.

"ఇది నా కుట్టు. మా అబ్బాయి మార్సాల్ అరగోన్ వైపు యుద్ధానికి వెళ్ళేనాడు వాడి చొక్కా లోపల పెట్టి కుట్టాను."

రెమేయ్ తక్కెడ దించేసింది. మార్సాల్ దగ్గర్నుంచి కబురు లేక చలికాలమంతా గడిచిపోయింది.

"మంగలి ఇచ్చాడు. ఇందాకే సబ్బు కొనుక్కెళ్ళాడు," అంది మెల్లగా.

కితేరియా సంచీ అక్కడే వదిలేసి మంగలి కొట్టుకి నడిచింది. బతికున్నవాడి చొక్కా కుట్లు ఎవరు విప్పుతారు?

మంగలి ఫ్రాస్కీతో దక్షిణాది నుంచి పారిపోయి వచ్చినవాడు, ఊరికి కొత్త. కుర్చీలో ఎవరికో కళ్ళ దాకా సబ్బు నురగ పట్టిస్తున్నాడు.

"ఇది నీకెవరిచ్చారు?"

"ఎవరో సిపాయి, తల్లీ. నా దగ్గర సబ్బు లేదు, ముందు డబ్బిస్తే తెచ్చుకుంటానన్నాను. నా కత్తి అడిగి తీసుకుని చొక్కా కుట్లు కోసి ఇచ్చాడు."

"ఆ చొక్కా ఎవరి ఒంటి మీంచి లాగాడో అడిగావా?" గోడ పట్టుకుంది కితేరియా. "అది నా కొడుకుది. వాణ్ణి ఎక్కడ పడేసి వచ్చాడో అడిగావా?"

ఫ్రాస్కీతో చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఆమె వంకా, కుర్చీ వంకా చూశాడు.

నురగలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఈ గడ్డంతో చూస్తే జడుసుకుంటావని ముందు ఇటొచ్చానమ్మా. నువ్వేగా అన్నావు, ఈ నోటు ఖర్చుపెట్టాలంటే మళ్ళీ మనూరే రావాలని."