పేగు కలిపే ముందు

"లోపలంతా మానింది తిమ్మప్పా. వచ్చే వారం పేగు కలిపేసి, పొట్ట మీది మలం సంచి తీసేద్దాం. పరీక్షలేవీ అక్కర్లేదు," అన్నాడు డాక్టరు.

"గట్లెట్ల సార్?" భార్య జమ్ములమ్మ అడ్డుపడింది. "పెబ్బేరు సంతల ఎద్దును నడిపిచ్చి సూడకుండ ఎవలన్న కొంటరా? లోపల ఫొటో తీయుండ్రి."

తిమ్మప్ప మురిసిపోయాడు. "నేనంటే పానం సార్ దీనికి," అంటూ చొక్కా తొడుక్కోవడానికి తెర వెనక్కి వెళ్లాడు.

"ఏ బాధా లేనివాడికి పరీక్షెందుకమ్మా?"

జమ్ములమ్మ గొంతు తగ్గించింది. "రాస్తే ఎన్ని దినాలు పడుతది సార్?"

"పాలమూరులో తీయాలి. నెల పట్టొచ్చు."

"రాయుండ్రి. గుంజులాటల సంచి ఊడుతదన్న భయానికి నా మీద చెయ్యి లేపుతలేడు. ఇంకో నెలన్న దెబ్బలు తప్పుతయి."

డాక్టరు అక్కర్లేని పరీక్ష రాశాడు.