పేగుకంటిన మందు

అళగేశన్‌కు అన్నం చూస్తే భయం పట్టుకుంది. నాలుగు ముద్దలు లోపలికి పోయిన కాసేపటికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. కరెంటు స్తంభాలెక్కే మనిషి, చొక్కా వేలాడేంతగా చిక్కిపోయాడు.

పుదుచ్చేరిలో ఇద్దరు డాక్టర్లు గ్యాసన్నారు. గొట్టం వేసి చూసి ఏమీ లేదన్నారు. వాళ్లకు దొరకని జబ్బు వైతికుప్పంలో ఉండే అక్క అంబుజానికి దొరికింది. తమ్ముడి పెళ్లాం కనగం, మొగుణ్ణి కొంగున కట్టుకోవాలని అన్నంలో మందు పెట్టిందని తేల్చేసింది.

తమ్ముణ్ణి తన ఇంటికి తీసుకుపోయి తనే వండిపెట్టింది. అక్కడా నొప్పి వచ్చింది. అయినా ఆమె తగ్గలేదు. పెట్టిన మందు పేగుకు అంటుకుని ఉంటుందట, అంత తొందరగా ఊడదట. నోరున్న ఆడబిడ్డకు సాక్ష్యాలతో పనేముంది?

వీధంతా చూస్తుండగా కనగం ముందు కర్పూరం వెలిగించింది.

"పెట్టలేదంటే దీన్ని ఆర్పి సత్యం చెయ్యి. లేదా నీ పుట్టింటికి పో."

"ముందు ఆయనకు స్కాన్ తీయనీ వదినా. సత్యం యాడికి పోతాది?" అంది కనగం.

చదువు లేకపోయినా ఎంత తెలివి అని వీధి వీధే మెచ్చుకుంది.

పెద్దాసుపత్రిలో డాక్టర్ సరణ్య కడుపు నొక్కి వదిలెయ్యలేదు. నొప్పి తిన్నాకే వస్తుందా, ఖాళీ కడుపున రాదా అని అడిగింది. రంగుమందు ఎక్కించి స్కాన్ తీయించింది. ఆ రిపోర్టు వచ్చేదాకా కనగం పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"సాపాట్లో ఏమన్నా పడినా ఇట్లే నొస్తుందా డాక్టరమ్మా?" అని అడిగింది.

"సాపాటు తప్పు కాదమ్మా. పేగులకు పోయే రక్తనాళం మూసుకుపోతా ఉంది. తిన్నాక పేగులకు రక్తం ఎక్కువ కావాల, అది చాలక నొప్పి. అంతా బీడీల పుణ్యం. మళ్లీ కాల్చినాడంటే మనిషి దక్కడు."

కనగం అక్కడే కూలబడి భోరుమంది. పాపం, నింద పోయింది కదా అని నర్సు కూడా కళ్లు తుడుచుకుంది.

నాళంలో స్టెంటు పెట్టారు. అళగేశన్ ఇప్పుడు చేపల పులుసుతో కడుపునిండా తింటున్నాడు. చావుభయంతో బీడీ వంక చూడటం లేదు. అంబుజం వచ్చి మరదలి చేతులు పట్టుకుని తప్పయిపోయిందని ఏడ్చింది. కనగం పెద్ద మనసు చేసుకుని క్షమించింది.

మర్నాడు ఆమె ఒక్కతే ఏంబలం బస్సెక్కి, అక్కడి నాటువైద్యుడి ముందు పళ్లతట్ట పెట్టి, మొగుడు బీడీ మానాలని ఏడాదిగా అతని అన్నంలో కలుపుతున్న పొడి ఇన్నాళ్లకు పనిచేసిందని దణ్ణం పెట్టింది.