వెనకవాళ్లకి అందించే మాట

కంకర దారుల్లో సైకిళ్లు తొక్కే మాకో అలవాటుంది. ముందున్నవాడికి గుంత కనిపిస్తే "గుంత!" అని అరుస్తాడు. వెనకున్నవాడు అదే మాట తన వెనకవాళ్లకి అందిస్తాడు. ఆవేళ బావ ముందు, నేను వెనక, ఉన్నది ఇద్దరమే. అయినా అరుచుకుంటూనే ఉన్నాం.

పొద్దుగూకింది. ఓ పక్క సముద్రం, ఓ పక్క కోత అయిపోయిన పొలాలు. చక్రాల కింద కంకర కరకరలాడుతోంది. గాలి వీపున చెయ్యేసి తోస్తోంది. కాళ్లు లాగేస్తున్నా ప్రాణానికి హాయిగా ఉంది.

"గుంత!" అన్నాడు బావ.

"గుంత!" అన్నాను.

"గుంత," అంది నా వెనక ఓ గొంతు, మెల్లగా.

తిరిగి చూశాను. ఖాళీ దారి. వెనక కంకర చప్పుడు కూడా లేదు.

"ఒక్కసారి అంటే చాల్లే బామ్మర్దీ, నాకేం చెవుడు రాలేదు," అని బావ నవ్వాడు.

బావకీ వినిపించిందన్నమాట. చిత్రంగా, నాకు భయం వేయలేదు. ఎంతో శ్రద్ధగా పలికే గొంతు. తోడున్నట్టే అనిపించింది. తర్వాత రాయి, ఇసుక, మళ్లీ గుంత. ప్రతిసారీ పలికింది. నేను ఈల వేసుకుంటూ తొక్కాను.

చాలాసేపటికి గానీ తట్టలేదు. ఆ గొంతు చెబుతున్నది నాకు కాదు, తన వెనకవాళ్లకి.

తారు రోడ్డు మొదలైంది.

"ఆగుతున్నా!" అన్నాడు బావ.

"ఆగుతున్నా!" అని నేనూ కాలు నేలకి ఆనించాను.

వెనక నుంచి ఆ మాట రాలేదు.

బావ నీళ్ల సీసా మూత తీస్తూ ఇటు తిరిగాడు. నా భుజం మీదుగా చూసి, ఎవరికో దారి ఇస్తున్నట్టు సైకిల్ని పక్కకి జరిపాడు.

నేనూ జరిగాను.