తొమ్మిదో వరుస

"షేక్‌గారూ, మీరా! మీరు కూడా డబ్బా పట్టుకుని క్యూలో నిలబడ్డారా?"

ఖాయిద్ మాటలో మర్యాద కంటే ఆశ్చర్యమే ఎక్కువ. ముట్టడికి ముందు అతను బడిలో లెక్కలు చెప్పేవాడు. ఇప్పుడు తయిజ్ నగరంలో ఈ పేటకి నీళ్ళు పంచే పని అతనిది. ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది. అదీ ముట్టడి వేసినవాళ్ళు దారి తెరిస్తేనే.

షేక్ ముక్బిల్ ఖాళీ డబ్బాని బల్లమీద పెట్టాడు. ఇరవై లీటర్లది. ఆయన చంకలో ఒంటికి రుద్దే రేగాకు పొడి పొట్లం ఉంది.

"ఒక్క డబ్బా కావాలి ఖాయిద్. మా అమ్మాయి ఇష్రాక్ స్నానానికి."

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వరూ మరి? ఉన్న నీళ్ళు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని పేటపెద్దలు కాగితం రాసినప్పుడు ఆ వరుస తప్పకూడదని అందరికంటే గట్టిగా పట్టుబట్టింది ఈ ముసలాయనే. మొదట ఆసుపత్రికి. తర్వాత బాలింతలకి. ఆ తర్వాత తలకి మూడు లీటర్లు, తాగడానికి. ఆ కింద రొట్టెల పొయ్యికి. అలా తొమ్మిది వరుసలు.

తొమ్మిదో దాని దగ్గర అందరూ నీళ్ళు నమిలారు. ఉంచుదామంటే నీళ్ళు లేవు, తీసేద్దామనడానికి నోరు రాలేదు. ఈయనే పెన్ను లాక్కుని అడ్డంగా గీత కొట్టేశాడు. "అల్లా అర్థం చేసుకుంటాడు. ముందు గొంతులు తడవనీ" అన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ ఖాయిద్ వెనక గోడకి అంటించే ఉంది.

"మొన్న అమ్మాయికి జ్వరమన్నారు?" అడిగాడు ఖాయిద్.

"ఇప్పుడు లేదు."

"పోనీలెండి, సంతోషం. మరి ఓ గుడ్డ తడిపి ఒళ్ళు తుడుచుకోమనండి. మేమందరం చేస్తున్నది అదేగా."

"తుడిస్తే సరిపోదు. మూడుసార్లు పోయాలి. వాళ్ళమ్మా, పిన్నీ కాచుక్కూచున్నారు. మధ్యాహ్నం నమాజు లోపల పంపించేయాలి."

"పంపించడమంటే, పెళ్ళా?" వెనకనుంచి సాదిఖ్ తల్లి గొంతు. నలుగురు పిల్లల్ని ఇంట్లో వదిలి పొద్దుటినుంచీ ఎండలో నిలబడి ఉంది. "విన్నారటమ్మా! మనకేమో గొంతులు తడిస్తే చాలు, ఆయన కూతురికి పెళ్ళి స్నానాలు! తలంటుకోకపోతే తీసుకుపోనంటున్నాడా పెళ్ళికొడుకు?"

"నువ్వూరుకోమ్మా" అన్నాడు ఖాయిద్. కానీ అతనికీ లోపల మండుతూనే ఉంది. పోయిన వారం సొంత చెల్లెలు పక్క తడిపిన పిల్లాడి బట్టలు ఉతకడానికి చెంబుడు నీళ్ళడిగితే, లేవు పొమ్మన్నాడు. ఆ అమ్మాయి ఇప్పటికీ మాట్లాడటం లేదు.

"ఏమనుకోకండి షేక్‌గారూ. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది మీ పని. నియమం మీరు పెట్టిందే కదా?"

ముసలాయన తల దించుకున్నాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి. చంకలోని పొట్లం తీసి డబ్బా పక్కన పెట్టాడు.

ఖాయిద్ విసుగ్గా పెన్ను తీశాడు. "సరే, రాసుకుంటా. ఉన్నవి ఎనిమిది వరుసలు. ఏ వరుస కింద రాయమంటారో మీరే చూపించండి."

షేక్ ముక్బిల్ బల్ల చుట్టూ తిరిగి గోడ దగ్గరకి వెళ్ళాడు. ఆయన వేలు ఒక్కో వరుసా దాటుకుంటూ కిందికి దిగింది. అన్నిటికంటే చివర, కొట్టేసిన గీత మీద ఆగింది.

ఖాయిద్ చేతిలోంచి పెన్ను జారింది. సాదిఖ్ తల్లి ముసుగు అంచు నోట్లో కుక్కుకుంది.

"అది... అది మీరు కొట్టేసిందే కదండీ" అన్నాడు ఖాయిద్, లేచి నిలబడి.

గీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి: "తొమ్మిది. శవస్నానానికి, ఒక్కొక్కరికి ఒక డబ్బా."